భువనవిజయ రూపకమును చరిత్రబోధయు

పాత్రధారణచే విద్య గఱపు పద్ధతికి నేటి విద్యాశాస్త్రజ్ఞులు విశేష ప్రాధాన్యము నిచ్చుచున్నారు. విద్యార్థి యొక వ్యక్తి స్థానమున నిలిచి, ఆ వ్యక్తికి తెలిసినంతయే తెలిసికొని, ఆ వ్యక్తి ప్రయోజనముకొఱకు వాదించుట ఇందలి కీలకము. ఈ పద్ధతి సైనికవిద్యలో ముందుగా శాస్త్రరూపము దాల్చినది. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ ప్రకటించిన యుద్ధక్రీడలో పటము, పాచికలు, ఇరుపక్షముల నాయకులకు వేర్వేరుగా నందు సమాచారము, వీరిపై నొక మధ్యవర్తి కలరు.

ఉప్పల్, నాచారములకు ఉత్తరముగా నున్న సైనిక్‌పురిలో, ఆ పేరునకు తగినట్లే, రక్షణ నిర్వహణ కళాశాల కలదు. 1970లో స్థాపితమైన ఈ సంస్థలో త్రివిధ దళముల అధికారులు నిర్వహణశాస్త్రము నభ్యసింతురు. అట్టి విద్యకు అనుకరణక్రీడ సహజమైన సాధనము. అదే ప్రాంతమున ప్రబంధపాఠము చెప్పు తెలుగు ఉపన్యాసకునకు అట్టి సాధన మేమున్నదని ప్రశ్నించుకొన్నచో సమాధానము మన యింటనే దొరకును. అది భువనవిజయ రూపకము.

ఉగాది సభలలోను, కళాశాలల ఉత్సవములలోను, సముద్రము దాటిన తెలుగువారి సంఘములలోను ఈ రూపకము ప్రదర్శింపబడుట అందఱెఱిగినదే. ఒకరు రాయలు, ఒకరు తిమ్మరుసు, ఎనమండుగురు అష్టదిగ్గజములు. సమస్యలిత్తురు, పూరింతురు, చమత్కరింతురు. పద్యధారణకును, ఆశుకవితాభ్యాసమునకును ఇంతకంటె మంచి పాఠశాల లేదు. అయినను చరిత్రబోధకు సాధనముగా దీనిని గ్రహించినపుడు ఒక చిక్కు కలదు. ఈ ఎనమండుగురును ఒక్క కొలువున కూర్చుండిరా?

కృతిభర్తలను పరిశీలించిన సంగతి తేటపడును. మనుచరిత్రమును పెద్దన, పారిజాతాపహరణమును తిమ్మన రాయలకే (1509-1529) అంకితమిచ్చిరి. మల్లన రాజశేఖర చరిత్రమునకు కృతిపతి తిమ్మరుసు మేనల్లుడైన నాదిండ్ల అప్పన. ఇంతవఱకు శంక లేదు. రామభద్రుని రామాభ్యుదయము అళియ రామరాయల మేనల్లుడగు గొబ్బూరి నరసరాజునకు, సూరన కళాపూర్ణోదయము నంద్యాల కృష్ణమరాజునకు, రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యము విరూరి వేదాద్రికి అంకితములు. రామరాజభూషణుని వసుచరిత్రమో, 1565 నాటి తళ్ళికోట యుద్ధానంతరము రాజ్యభారము వహించిన తిరుమలరాయలకు! కావుననే అష్టదిగ్గజములెవరను విషయమున పండితులకు ఏకాభిప్రాయము కుదురలేదు. విద్యార్థిచే రామరాజభూషణుని వేషము వేయించి రాయల యెదుట నిలుపుట యనగా, చూచినదానిని మఱవని వయస్సున ఒక సంశయమును సత్యముగా నాటుటయే. పుస్తకమున చదివిన పొరపాటు చెరిగిపోవచ్చును. తాను స్వయముగా ఆడిన పొరపాటు చెరుగదు.

అందుచేత రూపకమును విడువవలయునని నా అభిప్రాయము కాదు. దానికి కావలసినది వేఱొక పరికరము. 1990వ దశకమున న్యూయార్కులోని బర్నార్డు కళాశాల ఆచార్యుడు మార్క్ కార్న్స్ చరిత్రబోధకై రూపొందించిన క్రీడలలో ప్రతి విద్యార్థికిని ఒక పాత్రపత్రము నిత్తురు. నీవెవరవు, నీకేమి కావలయును, ఏ మూలగ్రంథము నీకాధారము అని అందుండును. చెప్పవలసిన మాటలు మాత్రముండవు. మన రూపకములకును వీనికిని భేద మిచ్చటనే యున్నది. మనవారు సంభాషణమునే వ్రాసియిత్తురు.

అట్టి పాత్రపత్రమును తెలుగు ఉపాధ్యాయుడు క్రొత్తగా కల్పింపనక్కఱలేదు. ప్రబంధావతారికయే పాత్రపత్రము. మనుచరిత్రావతారికలో రాజు కొలువుదీరి కవిని పిలిచి, స్వారోచిష మనుసంభవమును ప్రబంధముగా రచింపుమని కోరును. ఎవరు, ఎచ్చట, ఎవరితో, ఏమి కోరి పలికిరో అన్నియు నందే కలవు. ఆముక్తమాల్యదలో రాయలే పాత్రధారి. శ్రీకాకుళాంధ్రవిష్ణువు స్వప్నమున కనిపించి తెలుగున కృతి చేయుమని ఆదేశించును. అవతారికను పరీక్షకు రాదని దాటవేయు అలవాటు మన తరగతులలో కలదు. అది విచారింపదగినది.

నా సూచన యిది. సభలో ఎనిమిది పీఠములుంచి, ఏ కవికిని వానిని ముందుగా కేటాయింపరాదు. ప్రతి కవిపాత్రధారియు తన అవతారికనుండి ఆధారము చూపి పీఠము నర్థింపవలయును. తిమ్మరుసు పాత్రధారి మధ్యవర్తి. ఒకరు సంప్రదాయపక్షమున, మఱియొకరు శాసన, కాలనిర్ణయ పక్షమున వాదింతురు. అష్టావధానమున అప్రస్తుత ప్రసంగి యుండుట మన పూర్వుల నేర్పునకు తార్కాణము. ఏకాగ్రతను చెఱచుటయే ఒక పాత్రకు ధర్మముగా నిర్ణయించిరి. ఇచ్చటను అట్టివాడొకడు, తెనాలి రామకృష్ణుని కథలన్నిటిని సాక్ష్యములుగా తెచ్చువాడు, ఉండవలయును. వానిని త్రోసిపుచ్చుటలో విద్యార్థికి చాటుకథకును ఆధారమునకును గల భేదము తెలియును. శాఖోపశాఖలుగా కథ నల్లుటకు 2009లో వెలువడిన ట్వైన్ వంటి కంప్యూటరు సాధనములు కలవు. ఈ పత్రములను వానిలో కూర్చుట కష్టము కాదు. ముందు పత్రములు తెలుగున వ్రాయబడవలయును.

వీనిలో మిక్కిలి కష్టమైనది ధూర్జటి పత్రము. కాళహస్తీశ్వర మాహాత్మ్యము రాజాంకితము కాదు, ఈశ్వరాంకితము. ఆయన పేర ప్రసిద్ధమైన శతకము రాజసేవను తీవ్రముగా గర్హించును. కావున ఆ పాత్ర ధరించు విద్యార్థి, పీఠము నర్థించుటకు ముందు, తాను ఆ సభకు రావలయునా వలదా యని నిర్ణయించుకొనవలసియుండును.