చిలుకపలుకు: వల్లింపుకూ అవగాహనకూ నడుమ

తెలుగులో ‘చిలుకపలుకులు’ అన్న మాటకు రెండు వాడుకలున్నాయి. పసిబిడ్డ ముద్దుమాటల విషయంలో అది మెచ్చుకోలు. అర్థం తెలియకుండా పాఠం వల్లించే విద్యార్థి విషయంలో నింద. సాహిత్యంలోని చిలుకకు ఈ నింద వర్తించదు. పాలవేకరి కదిరీపతి తెలుగులో కావ్యంగా మలచిన శుకసప్తతి కథాసంప్రదాయంలో చిలుక సమయమెరిగి కథ చెప్పి, ఇల్లాలిని గడప దాటనీయదు. మండనమిశ్రుని వాకిట వేదప్రామాణ్యాన్ని చర్చించిన శంకరవిజయ గాథలోని చిలుకల సంగతి వేరు. అవి తెలిసి పలికాయా, విన్నది పలికాయా? గాథ ఆ ప్రశ్న వేయదు.

ఆ ప్రశ్నను ప్రయోగశాలకు తెచ్చిన శాస్త్రజ్ఞురాలు ఐరీన్ పెప్పర్‌బర్గ్. 1976లో హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందిన ఆమె చదివింది రసాయనశాస్త్రం. 1977లో షికాగోలోని ఒక దుకాణంలో సుమారు ఏడాది వయసున్న ఆఫ్రికా బూడిదరంగు చిలుకను కొని, అలెక్స్ అని పేరు పెట్టారు. జంతువుల తెలివిపై అది అనుమానాల కాలం. హాన్స్ అనే గుర్రం చేసిన లెక్కలు నిజానికి ప్రశ్నించేవారి కదలికలను గమనించి ఇచ్చిన జవాబులేనని ప్ఫుంగ్‌స్ట్ 1907లోనే తేల్చాడు. నిమ్ అనే చింపాంజీ సంజ్ఞలలో అనుకరణే ఎక్కువని 1979లో టెరేస్ ప్రకటించాడు.

పెప్పర్‌బర్గ్ ప్రత్యేకత ఆమె బోధనపద్ధతిలో ఉంది. చిలుక ఎదుట ఇద్దరు మనుషులు ఒక వస్తువు గురించి ప్రశ్నోత్తరాలు సాగిస్తారు. రెండవ వ్యక్తి చిలుకకు ఆదర్శమూ, పోటీదారూ కూడా. సరిగా పేరు చెబితే దక్కేది తాయిలం కాదు, ఆ వస్తువే. పదానికీ పదార్థానికీ ముడి పడేది అక్కడే. అలెక్స్ సుమారు 50 వస్తువుల పేర్లు, 7 రంగులు, 5 ఆకారాలు నేర్చింది. రెండు వస్తువులు చూపి ‘ఏది సమానం?’ అంటే రంగు, ఆకారం, పదార్థం అనే వర్గాలలో తగినదాన్ని చెప్పేది. ఏదీ కాకపోతే ‘ఏమీ లేదు’ అనేది. ఇది వల్లింపుతో సాధ్యమయ్యే జవాబు కాదు. ఎందుకంటే ఒకే వస్తువుకు ప్రశ్నను బట్టి జవాబు మారుతుంది.

భాషాధ్యయనపరులను ఎక్కువగా ఆకర్షించేది ‘బనెరీ’. ఆపిల్‌ను అలెక్స్ ఆ పేరుతో పిలిచింది. బనానా, చెర్రీ అనే పదాల ముక్కలు అతికిన మాట అని పెప్పర్‌బర్గ్ భావించారు. మన వ్యాకరణం దీన్ని సమాసమనదు. పరీక్షకు నిలిచిన ఫలితం కూడా కాదు, గమనిక మాత్రమే. అయినా ఎవరూ నేర్పని మాట అది. అలెక్స్ పలుకులను ‘భాష’ అనడానికి పెప్పర్‌బర్గ్ ఒప్పుకోలేదు. ఉభయులకూ అర్థమయ్యే సంకేతవ్యవస్థ అన్నారు. ఈ నిగ్రహం ఆమె అభిమానుల రాతల్లో తరచూ కనిపించదు. 2007 సెప్టెంబరు 6న అలెక్స్ 31వ ఏట మరణించింది.

ఈ ఫలితాలను 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి అయిన రామచిలుకకు నేరుగా అన్వయించలేము. జాతి వేరు, పైగా దానిని పంజరంలో పెంచడాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తుంది. ఇక మిగిలిన దారి చెట్టు మీది చిలుకను వినడం. వెనిజులాలో ఒక చిన్నజాతి చిలుకల గూళ్లను అలాగే పరిశీలించిన కార్ల్ బెర్గ్ బృందం, తల్లిదండ్రులు ఒక్కో పిల్లకు ఒక్కో పిలుపును అందిస్తాయని 2011లో ప్రకటించింది.