జెర్సీ మీద జాగా ఎవరిది?

సూరత్ నగరం దాటి అరేబియా సముద్రం వైపు వెళితే డుమస్ వస్తుంది. నల్ల ఇసుకకు పేరుపడిన తీరమది. 2022లో గుజరాత్ ఆతిథ్యమిచ్చిన 36వ జాతీయ క్రీడల్లో బీచ్ వాలీబాల్, బీచ్ హ్యాండ్‌బాల్ పోటీలు ఆ ఇసుకలోనే జరిగాయి. అదే నగరంలోని ఇండోర్ స్టేడియంలో బ్యాడ్మింటన్ పోటీలు నడిచాయి. పురుషుల సింగిల్స్ స్వర్ణం మన సాయి ప్రణీత్‌కు దక్కింది. అంతకు ఏడాది ముందు టోక్యో ఒలింపిక్స్‌కు భారత బ్యాడ్మింటన్ బృందంలో వెళ్లినవారు నలుగురే. సింధు, సాయి ప్రణీత్, సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి. నలుగురిలో ముగ్గురు తెలుగువారు. ఆ బృందం విమానం ఎక్కేముందు వారి చొక్కాల మీద ఏ పేరు ఉండాలి, ఏ పేరు ఉండకూడదు అన్న విషయంలో ఢిల్లీలో ఒక నిర్ణయం జరిగింది. దాని వెనుక వందేళ్ల కథ ఉంది.

ఈ కథ చెప్పడానికి సూరత్ తగిన చోటు. దేశంలో తయారయ్యే కృత్రిమ నూలు వస్త్రంలో పెద్ద వాటా ఈ నగరానిదే. ఆ మరమగ్గాల మధ్య తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడిపింది. పదిహేడో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ తన తొలినాళ్ల వర్తక స్థావరాల్లో ఒకదాన్ని ఏర్పరచుకున్నదీ ఇక్కడే. కంపెనీ తన బేళ్ల మీద తన ముద్ర వేసుకునేది. ఆ ముద్ర సరుకు ఎవరిదో చెప్పేది గానీ, నేసిందెవరో చెప్పేది కాదు. నేటి క్రీడాకారుల జెర్సీ మీద అచ్చయ్యే గుర్తుల సంగతీ ఇంతకంటే భిన్నంగా లేదు. చెమట ఒకరిది, ముద్ర మరొకరిది. ఆ ముద్ర ఎవరిదై ఉండాలో తేల్చేది ఇంకొకరు.

క్రీడాకారులు ఏ వ్యాపార సంస్థ గుర్తు ధరించాలన్న దానిపై విధించే ఆంక్షలను క్రీడల పవిత్రత పేరుతో సమర్థించడం రివాజు. చరిత్ర తిరగేస్తే మరో సంగతి బోధపడుతుంది. ఈ నియమాలు అమ్మకాన్ని ఏనాడూ ఆపలేదు. అమ్మే హక్కు ఎవరి చేతిలో ఉండాలో మాత్రమే నిర్ణయించాయి.

1972 సప్పోరో శీతాకాల ఒలింపిక్స్‌నే తీసుకుందాం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్ ఆస్ట్రియా స్కీయింగ్ వీరుడు కార్ల్ ష్రాంజ్‌ను పోటీలకు ముందే వెళ్లగొట్టాడు. వ్యాపార సంస్థలతో అంటకాగి తన పేరును అమ్ముకున్నాడన్నది నేరం. నాడు అమ్ముకోవడమే పాపం. సరిగ్గా పదమూడేళ్లకు, 1985లో, అదే కమిటీ ప్రపంచ స్థాయి సంస్థలకు ఒలింపిక్ వలయాలను అమ్మే పథకాన్ని ఆరంభించింది. పాపం పుణ్యమైపోయింది, కాకపోతే ఆ పుణ్యం చేసే అధికారం కమిటీకే పరిమితమైంది. పోటీల రోజుల్లో క్రీడాకారులు తమ పేరును, రూపాన్ని సొంత ప్రకటనలకు వాడుకోరాదన్న నిబంధన అలాగే ఉండిపోయింది. ఒలింపిక్ చార్టర్‌లో 40వ నిబంధన అదే. 2019లో జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ దాన్ని మితిమీరిన ఆంక్షగా తేల్చిన తరువాతే కమిటీ కొంత మెత్తబడింది.

మధ్యలో తిరుగుబాట్లు జరగకపోలేదు. 1974 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌లో నెదర్లాండ్స్ జట్టంతా అడిడాస్ మూడు చారల చొక్కా తొడుక్కుంటే, ప్యూమాతో సొంత ఒప్పందమున్న యోహాన్ క్రైఫ్ ఒక చార తీయించి రెండు చారలతోనే ఆడాడు. 1992 బార్సిలోనాలో నైకీకి కట్టుబడిన మైకేల్ జోర్డాన్, విజేతల వేదిక మీద రీబాక్ గుర్తు కనబడకుండా అమెరికా జెండాను భుజాన కప్పుకున్నాడు. దేశభక్తిగా కనిపించిన ఆ దృశ్యం వెనుక ఉన్నది ఒప్పంద భక్తి. అయితే క్రైఫ్‌కూ జోర్డాన్‌కూ అది చెల్లింది, ఎందుకంటే వారు లేకుండా జట్టు లేదు. డుమస్ ఇసుకలో ఆడే అమ్మాయికి అది చెల్లదు.

మన దేశంలో ఈ చరిత్ర ఒక తెలుగు కుటుంబపు బిడ్డతోనే మొదలవుతుంది. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనకు పేరు ఇచ్చిన సి.కె. నాయుడును, వ్యాపార ప్రకటనలో కనిపించిన తొలి భారత క్రికెటర్‌గా చెబుతారు. నాడు అడ్డుచెప్పే బోర్డూ లేదు, వాటా అడిగే ప్రసారకర్తా లేడు. అరవై ఏళ్ల తరువాత లెక్క మారింది. అంతర్జాతీయ క్రికెట్ మండలి తన టోర్నీల హక్కులను 55 కోట్ల డాలర్లకు అమ్ముకుంది. కొన్నవారి పెట్టుబడిని కాపాడటానికి 2002 చాంపియన్స్ ట్రోఫీకి ముందు ఆటగాళ్ల ముందు ఒక పత్రం పెట్టింది. అధికారిక స్పాన్సర్లకు పోటీ సంస్థల ప్రకటనల్లో టోర్నీకి ముందూ తరువాతా కొంతకాలం పాటు కనిపించరాదని దాని సారాంశం. భారత ఆటగాళ్లు సంతకం చేయబోమన్నారు. రాజీ కుదిరేదాకా జట్టు వెళుతుందా లేదా అన్నది అనుమానంగానే ఉంది. ఆటగాళ్ల అనుమతి లేకుండా వారి ముఖాలను ముందుగానే అమ్మేశారన్నది నాటి అసలు ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయముంది.

ఆంక్షలన్నీ అన్యాయమని నేననడం లేదు. 1990లలో అజహరుద్దీన్ నాయకత్వంలోని జట్టు ఛాతీ మీద విల్స్ సిగరెట్ పేరు ఉండేది. బడి పిల్లలు ఆ చొక్కా వేసుకుని వీధుల్లో ఆడేవారు. 2003 పొగాకు చట్టం అలాంటి స్పాన్సర్‌షిప్‌కు దారి మూసేసింది. ఎవరూ కన్నీరు పెట్టలేదు, పెట్టనక్కరలేదు. పార్లమెంటు చర్చించి, చట్టం చేసి, అందరికీ ఒకే తీరున వర్తింపజేసిన ఆంక్ష అది. మరో రకం ఆంక్ష కూడా ఉంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చిన పుల్లెల గోపీచంద్ శీతల పానీయం ప్రకటనను వద్దన్నాడు. తాను తాగనిది పిల్లలకు తాగమని చెప్పనన్నది ఆయన వాదన. ఆయనను ఎవరూ ఆదేశించలేదు, నష్టమూ ఆయనే భరించాడు. ఒకటి చట్టం, రెండోది మనస్సాక్షి. రెండింటికీ ఒక గౌరవం ఉంది.

2021 జూన్‌లో జరిగినది ఈ రెంటిలో ఏదీ కాదు. భారత ఒలింపిక్ సంఘం చైనా సంస్థ లీ-నింగ్ తయారుచేసిన అధికారిక దుస్తులను క్రీడా మంత్రి సమక్షంలో ఆవిష్కరించింది. అప్పటికి గల్వాన్ ఘర్షణ జరిగి ఏడాది కావస్తోంది. విమర్శలు చెలరేగాయి. వారం తిరగకముందే ప్రజల మనోభావాల పేరు చెప్పి ఒప్పందాన్ని సంఘం పక్కన పెట్టింది. మన క్రీడాకారులు ఏ సంస్థ పేరూ లేని దుస్తుల్లో వెళతారని ప్రకటించింది. టోక్యో పోటీలకు అప్పటికి ఆరు వారాల పైచిలుకు సమయమే మిగిలింది. సరిహద్దులో 20 మంది సైనికులను కోల్పోయిన దేశానికి ఆ ఆగ్రహం సహజం. కానీ గల్వాన్ తరువాత సంఘం ముందు ఏడాది కాలముంది. ఆ ఏడాదంతా నిద్రపోయి, గడువు ముంచుకొచ్చాక మేల్కొని, క్రీడాకారుల దుస్తుల మీద దేశభక్తి ప్రదర్శించడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. సింధు 2019లోనే అదే సంస్థతో వ్యక్తిగత ఒప్పందం చేసుకుంది. నాలుగేళ్లకు దాదాపు 50 కోట్ల రూపాయలని నాడు పత్రికలు రాశాయి. ఆమెను ఎవరైనా అడిగారా?

పదేళ్ల వెనక్కి వెళితే ఇదే సంఘం మరో మనోభావాన్ని మోసింది. భోపాల్ బాధితుల గొంతుగా, లండన్ ఒలింపిక్స్ స్పాన్సర్‌గా డౌ కెమికల్ వద్దని నిరసన తెలిపింది. అంతర్జాతీయ కమిటీ కదలలేదు. స్టేడియం చుట్టూ కట్టిన తెర మీద తన పేరు వేసుకోవడాన్ని డౌ మానుకుంది గానీ, స్పాన్సర్‌గా మాత్రం కొనసాగింది. వేల మందిని బలిగొన్న విషవాయువు తాలూకు నైతిక ప్రశ్న బలవంతుడి ఒప్పందాన్ని చెరపలేకపోయింది. కాగితం ఎప్పుడు చిరుగుతుందన్నది నీతి మీద ఆధారపడదు, ఎదుటివాడి బలం మీద ఆధారపడుతుంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పందెపు ఆటల ప్రకటనలకు తెరపడింది, క్రికెట్ జట్టు ఛాతీ మీది డ్రీమ్11 తప్పుకుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇలాంటి ఆటలను నిషేధించాయి. అయినా ఆ రాష్ట్రాల కుర్రాళ్లు భారత జట్టుకు ఆడినప్పుడు ఆ పేరునే ఛాతీ మీద మోశారు. సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్‌లో పాకిస్తాన్ మీద అజేయంగా 69 పరుగులు చేసిన తిలక్ వర్మ జెర్సీ మీద ఏ స్పాన్సరూ లేడు. బోర్డుకు మాత్రం అప్పటికే అపోలో టైర్స్‌తో 579 కోట్ల రూపాయల కొత్త ఒప్పందం కుదిరింది. ధనిక బోర్డు నష్టం కొద్ది వారాల్లో పూడిపోయింది.

పూడనిది చిన్న క్రీడల నష్టం. డుమస్ ఇసుకలో ఆడిన ఆటగాళ్ల లాంటివారికి బూట్లో, ప్రయాణ ఖర్చో ఇచ్చే ఊరి వ్యాపారి ఒక్కడుంటే అదే భాగ్యం. వారి మీద దేశపు కళ్లు పడేది పెద్ద పోటీల రోజుల్లోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ వ్యాపారి పేరు చెప్పుకోవడానికి నియమం అడ్డొస్తుంది. తారలను దృష్టిలో పెట్టుకుని రాసిన నియమం అనామకుల నెత్తిన పడుతోంది.

అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. జట్టు దుస్తుల ఒప్పందం చేసుకునేటప్పుడు క్రీడాకారుల ప్రతినిధి సంతకం ఉండాలి. దేశ ప్రయోజనం కోసం ఒప్పందం తెంచవలసి వస్తే, ఆ నష్టాన్ని దేశమే భరించాలి. దుస్తుల అమ్మకంలో వచ్చే సొమ్ములో వాటా వాటిని తొడుక్కునేవారికి చేరాలి. కంపెనీ కాలంలో బేలు మీద నేతగాడి పేరు లేకపోవడాన్ని ఇవాళ మనం అన్యాయమంటున్నాం. జెర్సీ మీద జాగాను ఆటగాడిని అడగకుండా అమ్మడాన్ని కూడా అదే మాటతో పిలవాలి.