కందిలో కలుపు మందు: ముందు అంతరపంట ఏదో చూసుకోండి

తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. అయితే ఎంత పేరున్న కంది అయినా మొదటి రెండు నెలలు నెమ్మదిగానే పెరుగుతుంది. సాళ్ల మధ్య ఖాళీని కలుపు ముందే కమ్మేస్తుంది. ముసురు పట్టి నల్లరేగడిలో గుంటుక దిగనప్పుడు, కూలీలు దొరకనప్పుడు కలుపు మందు అక్కరకొస్తుంది.

విత్తిన వెంటనే, లేదా 48 గంటలలోపు, పెండిమిథాలిన్ 30% మందును ఎకరాకు 1.3 నుంచి 1.6 లీటర్లు, 200 లీటర్ల నీటిలో కలిపి నేలంతా తడిసేలా పిచికారి చేయాలి. రేగడి నేలలకు ఎక్కువ మోతాదే సరి. ఇది మొలిచే గింజపైనే పనిచేస్తుంది, మొలిచిన కలుపును చంపదు. నేలలో తేమ లేకపోతే డబ్బు దండగ. వెనక్కి నడుస్తూ కొట్టండి, మందు పడిన నేలను తొక్కకూడదు.

అది కుదరకపోతే 20–25 రోజులకు, కలుపు 2–4 ఆకుల దశలో ఉండగా, ఇమాజితాపిర్ 10% ఎకరాకు 300 మి.లీ. కొట్టుకోవచ్చు. గడ్డిజాతి, వెడల్పాకు కలుపు రెండూ తగ్గుతాయి. కంది కొద్దిరోజులు పసుపురంగుకు తిరిగినా కోలుకుంటుంది. గడ్డి ఒక్కటే ఉంటే క్విజలోఫాప్ ఇథైల్ 5% ఎకరాకు 400 మి.లీ. చాలు. దీనికి తుంగ చావదు.

పంట పోయేది ఎక్కువగా ఇక్కడే. కందిలో జొన్న, మొక్కజొన్న ఉంటే పై రెండు మందులూ వద్దు, అవి కూడా గడ్డిజాతి పంటలే. మొక్కజొన్నకు వాడే అట్రజిన్ కొడితే కంది మాడుతుంది. పత్తిలో కంది వేసినవారు పత్తికి ఇమాజితాపిర్ తగలనివ్వకూడదు. ఇలాంటి చేలల్లో మొదట పెండిమిథాలిన్, తర్వాత 30, 60 రోజులకు గుంటుక లేదా దంతి నమ్ముకోవడమే మేలు. దుకాణంలో "ఏ కలుపైనా పోతుంది" అని చెప్పి ఇచ్చే సీసాను మాత్రం నమ్మకండి.

16 లీటర్ల ట్యాంకు పంపుతో ఎకరాకు పన్నెండున్నర ట్యాంకులు పడతాయి. ట్యాంకుకు పెండిమిథాలిన్ సుమారు 105 నుంచి 128, ఇమాజితాపిర్ 24, క్విజలోఫాప్ 32 మి.లీ. సీసా మూతతో అంచనా వేయొద్దు, కొలత గ్లాసు వాడండి. 2,4-డి కొట్టిన పంపును ఎంత కడిగినా కందికి, పత్తికి వాడకపోవడమే మంచిది. వాటికి ఆ మందు జాడ చాలు, ఆకులు ముడుచుకుపోతాయి.

సాళ్ల మధ్య పారాక్వాట్ కొట్టే అలవాటున్నవారు జాగ్రత్త. అది కడుపులోకి పోతే విరుగుడు మందు లేదు. నీళ్ల సీసాల్లో పోసి ఇంట్లో పెట్టకండి, పిల్లలున్న ఇంట్లో అసలు ఉంచకండి.