సిపదాన్ దీవి: తాబేళ్లు తెచ్చిన తీర్పు

బోర్నియో ద్వీపమునకు తూర్పున సెలిబిస్ సముద్రము కలదు. ఆ సముద్రములో, భూమధ్యరేఖకు ఉత్తరమున నాలుగు డిగ్రీలకు కొంచెము పైగా, సిపదాన్ అను చిన్న దీవి యున్నది. దాని వైశాల్యము 0.13 చదరపు కిలోమీటర్లు. అనగా ఇంచుమించు 32 ఎకరములు. ఇసుక ఒడ్డు వెంట నడచినచో అరగంటలో బయలుదేరిన చోటికే తిరిగి రావచ్చును. నడుమ దట్టమైన చెట్లు, చుట్టును తెల్లని ఇసుక, దాని కావల పగడపు దిబ్బ. ఇంతటి చిన్న దీవి కొరకు రెండు దేశములు హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము నాశ్రయించినవి. దాని చుట్టునున్న నీటిలో మునిగి చూచుటకు దేశదేశముల నుండి జనులు వచ్చుచున్నారు. కాని ఆ దీవిలో రాత్రి బస చేయుటకు యాత్రికునకు ఒక్క గదియైనను లేదు. ఒకప్పుడు బసలుండెను, వానిని తీసివేసిరి. ఎందుకు తీసివేసిరో తెలియవలెనన్నచో, ముందుగా దీవి పుట్టుకను తెలిసికొనవలెను.

సిపదాన్ పెద్ద భూభాగము నుండి తెగిపడిన ముక్క కాదు. సముద్రగర్భము నుండి 600, 700 మీటర్ల యెత్తు లేచిన అగ్నిపర్వత శిఖరముపై పగడపు జీవులు కట్టిన కట్టడము. పగడపు జీవి మిక్కిలి చిన్నది, మెత్తని దేహము గలది. అది సముద్రజలములోని సున్నమును గ్రహించి తన క్రింద గట్టి గూడు కట్టుకొనును. దాని దేహములో సూక్ష్మమైన నాచు నివసించుచు, సూర్యకాంతి సాయమున ఆహారమును తయారుచేసి యిచ్చును. కనుకనే దిబ్బలు కట్టు పగడములు వెలుతురు సోకునంత లోతులోనే బాగుగా పెరుగును. మునిగిపోవుచున్న అగ్నిపర్వతముల అంచులపై పగడములు పైపైకి పెరుగుటచే వలయాకారపు దిబ్బలు ఏర్పడునని చార్లెస్ డార్విన్ 1842లో ప్రకటించిన గ్రంథములో చెప్పెను. 1952లో పసిఫిక్ మహాసముద్రమందలి ఎనివెటాక్ దిబ్బను తొలిచి చూడగా, 1,200 మీటర్లకు పైగా సున్నపురాతి పొర దాటిన పిమ్మట అగ్నిశిల తగిలెను. డార్విన్ ఊహ నిజమని ఆనాడు రుజువైనది.

ఇట్టి పుట్టుక వలన సిపదాన్ ఒడ్డునకు ఒక వింత గుణమబ్బినది. తీరము నుండి కొంత దూరము లోతులేని నీటిలో నడచిన పిమ్మట, నేల ఒక్కసారిగా గోడవలె అగాధములోనికి దిగిపోవును. నడిసముద్రపు ప్రవాహములు ఆ గోడను ఒరసికొని పోవుచుండును. అందుచే ఇతర చోట్ల ఒడ్డునకు చాల దూరమున గాని కానరాని సొరచేపలు, గుంపులు గుంపులుగా తిరుగు పెద్ద చేపలు ఇచట ఒడ్డు ప్రక్కనే కనిపించును. వీని నడుమ నిర్భయముగా ఈదునవి పచ్చ తాబేళ్లు.

ఈ దీవి చరిత్రలో ముఖ్యపాత్రలు ఈ తాబేళ్లే. ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డునకు ప్రాకివచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, ఒక్క తడవకు ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, కప్పివేసి సముద్రమునకు పోవును. సుమారు రెండు నెలలకు పిల్లలు బయటికి వచ్చును. పిల్ల ఆడదగునో మగదగునో ఇసుక వేడిమియే నిర్ణయించును. ఇసుక చల్లగా నున్న మగపిల్లలు, వెచ్చగా నున్న ఆడపిల్లలు ఎక్కువగును. రాత్రి బయలువెడలిన పిల్ల వెలుతురు ఎక్కువగా నున్న దిక్కునకు ప్రాకును. చెట్ల నీడకంటె సముద్రము తెల్లగా నుండును గనుక, మనుష్యులు లేని ఒడ్డుపై ఈ గుర్తు దానిని తప్పక నీటికి చేర్చును.

సమీపమందలి దనవాన్ దీవివారు పూర్వము నుండియు ఈ గ్రుడ్లను సేకరించి జీవించుచుండిరి. 1917లో ఉత్తర బోర్నియోను పాలించుచున్న ఆంగ్లేయులు తాబేళ్లను, వాని గ్రుడ్లను గూర్చి ఒక శాసనము చేసి, గ్రుడ్లు సేకరించుటకు అనుమతి పత్రము ఉండవలెననిరి. 1930ల దశకములో గ్రుడ్లను గూర్చి తగవు వచ్చినప్పుడు ఆ ప్రభుత్వపు అధికారులే తీర్చిరి. 1933లో సిపదాన్‌ను పక్షుల రక్షణస్థలముగా ప్రకటించిరి. 1962లో అచట దీపస్తంభము నిలిపిరి. 1963లో ఉత్తర బోర్నియో, సాబా అను పేర, మలేషియాలో చేరినది.

1969లో మలేషియా, ఇండొనీషియా దేశములు సముద్రపు హద్దులను గూర్చి చర్చించుకొనుచుండగా, ఈ దీవి మాదనగా మాదని రెండును పట్టుపట్టినవి. సమీపమందలి లిగితాన్ దీవిని గూర్చియు అదే వివాదము. వ్యవహారము 1998లో అంతర్జాతీయ న్యాయస్థానమునకు చేరెను. ఇండొనీషియా 1891 నాటి ఆంగ్ల, డచ్చి ఒడంబడికను చూపెను. సులు సుల్తాను నుండి క్రమముగా స్పెయిన్, అమెరికా, బ్రిటన్ దేశముల ద్వారా తనకు హక్కు సంక్రమించినదని మలేషియా వాదించెను. న్యాయస్థానము ఈ రెండు వాదములను త్రోసివేసెను. దీవిపై పాలకునివలె ప్రవర్తించినది ఎవరు అని మాత్రమే అడిగెను. గ్రుడ్ల శాసనము, పక్షుల రక్షణ, దీపస్తంభము మలేషియా పక్షమున నిలిచినవి. వీనికి ఆ కాలమున ఎవరును అభ్యంతరము చెప్పలేదు. 2002 డిసెంబరు 17న 16 మంది న్యాయమూర్తులు మలేషియాకు అనుకూలముగా, ఒకరు ప్రతికూలముగా తీర్పు చెప్పిరి. గమనింపదగిన విషయమొకటి కలదు. వివాదము పుట్టిన 1969 తరువాత కట్టిన విశ్రాంతి గృహములు తీర్పులో లెక్కకు రాలేదు. న్యాయపు త్రాసులో తాబేలు గ్రుడ్లు తూగినవి, హోటళ్లు తూగలేదు.

ఈ గృహములు ఎట్లు వచ్చెను? 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అను ఇరువురు కలిసి, గాలి సిలిండరు వీపున కట్టుకొని నీటిలో స్వేచ్ఛగా తిరుగుటకు వీలగు సాధనమును నిర్మించిరి. సముద్రగర్భము వినోదయాత్రాస్థలమైనది. 1980ల దశకమున సిపదాన్ ఒడ్డున చెక్కగదులు లేచినవి; అంతకుముందు అచట స్థిరనివాసము లేదు. ఆ దశకము చివర కూస్తో బృందము ఇచట చలనచిత్రము తీయగా దీవి పేరు లోకమంతట ప్రాకెను.

చిన్న దీవికి బసలు ఎంత బరువో చూడుడు. దీపముల వెలుతురు తాబేలు పిల్లలను సముద్రమునకు మారుగా గదుల వైపు త్రిప్పగలదు. మురుగునీరు పగడములపై నాచును పెంచును. అన్నిటికంటె పెద్ద చిక్కు మంచినీరు. ఇట్టి దీవులలో వర్షజలము ఇసుకలోనికి ఇంకి, బరువైన ఉప్పునీటిపై తేలుచు, కటకాకారముగా నిలుచును. ఉపాధ్యాయులు గాజుగ్లాసులో రంగు కలిపిన ఉప్పునీటిపై మంచినీటిని మెల్లగా పోసి దీనిని చూపవచ్చును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్నచో క్రింద సుమారు 40 అడుగులుండునని గీబెన్, హెర్జ్‌బెర్గ్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా గుర్తించిరి. కనుక పైమట్టము ఒక అడుగు తగ్గినచో, కాలక్రమమున క్రింద నుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి లేచును. బావిలో కొంచెము ఎక్కువ తోడుటయు పెద్ద నష్టమే.

2000 ఏప్రిల్ 23న సాయుధులు దీవిపై దిగి, యాత్రికులను పనివారిని కలిపి 21 మందిని ఫిలిప్పైన్సులోని హోలో దీవికి ఎత్తుకొనిపోయిరి. భద్రతకు సైనికులు వచ్చిరి. కాని ఒడ్డును రక్షించుట సైనికుల పని కాదు. చివరకు ప్రకృతి రక్షణ కొరకు, 2004 సంవత్సరాంతమునకు గృహములన్నియు ఖాళీ చేయవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. ఆ తరువాత యాత్రికులు పగటివేళ వచ్చి పోవుటయే. మొదట దినమునకు 120 మందికే అనుమతి. వారు మాబుల్, కపలాయ్ దీవులందో, సెంపోర్నా పట్టణమందో బస చేసి పడవపై వచ్చెదరు.

దీనితో కథ సుఖాంతమైనదనుట తొందరపాటు. 2006 మే నెలలో నిర్మాణసామగ్రితో వచ్చిన పెద్ద బార్జి పగడపు దిబ్బపైకెక్కి దానిని పిండిచేసెను. గదులు పోయినను కట్టడపు ఆశ పోలేదన్నమాట. బసల బరువు మాయము కాలేదు. జనులు కాపురముండు మాబుల్ దీవిపైకి మారినది. సముద్రము వేడెక్కినప్పుడు పగడములు తెల్లబారుటను ఏ అనుమతి పత్రమును ఆపజాలదు.

అయినను సిపదాన్ ఒక పాఠము నేర్పుచున్నది. అందమైన చోటు చూచినంతనే అచట ఇల్లు కట్టవలెనని మనుష్యునకు తోచును. కొన్ని చోట్లకు అతిథిగా పోయి, ప్రొద్దు గ్రుంకక మునుపే మరలి వచ్చుట మేలు. మన తెలుగు తీరమునకును ఏటేట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు వచ్చుచున్నవి. ఆ రాత్రులలో ఒడ్డున ఒక దీపము ఆర్పుటకు ఏ న్యాయస్థానపు తీర్పును అవసరము లేదు.