మైటోకాండ్రియా వ్యాధులు, ఆటిజం: ఒక వైద్య భావన చరిత్ర – ఉత్తరాంధ్ర సందర్భం

ఉపోద్ఘాతం

బిడ్డకు మాట ఆలస్యమైనా, వచ్చిన నాలుగు మాటలు పోయినా కుటుంబం మొదట కారణాన్ని వెదుకుతుంది. ఆ వెదుకులాట తల్లి గర్భం దగ్గరో, మేనరికం దగ్గరో ఆగిపోవడం తెలుగునాట కొత్త కాదు. ఆటిజానికీ మైటోకాండ్రియా లోపాలకూ సంబంధం ఉండవచ్చునన్న ప్రతిపాదన గత నాలుగు దశాబ్దాలలో బలపడిన కొద్దీ ఈ పాత నిందకు ఒక కొత్త ఆధారం దొరికినట్లు కనిపించింది. మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఎ. తల్లి నుండి మాత్రమే సంక్రమించడం అందుకు కారణం. ఈ ప్రతిపాదన ఎలా పుట్టింది, ఎంతవరకు నిరూపితమైంది, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల సామాజిక పరిస్థితులలో దానిని ఎలా అర్థం చేసుకోవాలి అన్న అంశాలను చారిత్రక క్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు వేర్వేరు చరిత్రలు

మైటోకాండ్రియా చరిత్ర కణశాస్త్రంలో మొదలైంది. 1890లో రిచర్డ్ ఆల్ట్‌మన్ కణంలోని రేణువులను వర్ణించగా, 1898లో కార్ల్ బెండా వాటికి ‘మైటోకాండ్రియా’ అని పేరు పెట్టాడు. ఇవి చేసే పని అర్థం కావడానికి కావలసిన తొలి రసాయనిక ఆధారాలలో ఒక తెలుగువాని కృషి ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఎ.టి.పి.ని వేరుచేశాడు. కణం ఖర్చు చేసే శక్తికి ఎ.టి.పి. నాణెం వంటిది. ఆ నాణెం అధికభాగం తయారయ్యే టంకశాల మైటోకాండ్రియా అని 1940ల చివర యూజీన్ కెనడీ, ఆల్బర్ట్ లెనింజర్ల ప్రయోగాలు తేల్చాయి.

1962లో స్వీడన్‌లో రోల్ఫ్ లుఫ్ట్ బృందం ఒక స్త్రీలో మైటోకాండ్రియా లోపం వల్ల కలిగిన వ్యాధిని వర్ణించడంతో ఈ కణభాగం వైద్యశాస్త్రంలోకి ప్రవేశించింది. మరుసటి ఏడాది మైటోకాండ్రియాకు సొంత డి.ఎన్.ఎ. ఉన్నట్లు మార్గిట్ నాస్, సిల్వన్ నాస్ చూపించారు. 1981లో దాని 16,569 అక్షరాల క్రమం పూర్తిగా వెలువడింది. అందులో ఉన్నవి 37 జన్యువులు. 1988లో ఈ డి.ఎన్.ఎ.లోని మార్పులే కొన్ని వ్యాధులకు కారణమని నిరూపితమైంది.

ఆటిజం చరిత్ర మనోవైద్యంలో సాగింది. 1943లో లియో కానర్ పదకొండుమంది పిల్లలను వర్ణిస్తూ రాసిన వ్యాసం దీనికి ప్రారంభం. కానర్ ఈ లక్షణాలు పుట్టుకతో వచ్చినవని భావిస్తూనే తల్లిదండ్రుల ‘చల్లదనం’ గురించి కూడా రాశాడు. ఆ రెండవ మాటే లోకంలో ఎక్కువగా వ్యాపించింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన గ్రంథం తల్లి ప్రేమరాహిత్యమే కారణమన్న భావనకు విస్తృత ప్రచారం కల్పించింది. తానే ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే దీనిని ఖండించాడు. 1977లో సూజన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ 21 కవల జంటలపై జరిపిన అధ్యయనం వంశపారంపర్యం పాత్రను స్పష్టం చేసింది. తల్లి స్వభావంపై మోపిన నింద శాస్త్రపరంగా తొలగిపోవడానికి మూడు దశాబ్దాలు పట్టిందన్నమాట.

రెండు చరిత్రల కలయిక

ఈ రెండు పాయలు 1985లో కలిశాయి. మేరీ కోల్‌మన్, జాన్ బ్లాస్ ఆటిజం ఉన్న నలుగురు పిల్లలలో రక్తంలో లాక్టిక్ ఆమ్లం అధికంగా ఉన్నట్లు ప్రకటించారు. మైటోకాండ్రియా సరిగా పనిచేయనప్పుడు కణం ఆక్సిజన్ లేకుండా శక్తిని తయారు చేసుకునే దారి పడుతుంది. అప్పుడు లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. కనుక ఈ నలుగురి ఫలితం ఒక ప్రశ్నను లేవనెత్తింది. 1998లో లొంబార్డ్ ఆటిజమే మైటోకాండ్రియా రుగ్మత కావచ్చునా అని సూటిగా అడిగాడు. అది ఊహాప్రతిపాదన మాత్రమే.

ప్రతిపాదనను జనసమూహంపై పరీక్షించిన తొలి ముఖ్యమైన అధ్యయనం 2005లో పోర్చుగల్ నుండి వెలువడింది. ఒలివేరా బృందం 69 మంది ఆటిజం పిల్లలలో లాక్టిక్ ఆమ్లాన్ని కొలవగా 14 మందిలో అది ఎక్కువగా ఉంది. వారిలో మరింత లోతుగా పరీక్షించిన 11 మందిలో అయిదుగురికి మైటోకాండ్రియా వ్యాధి నిర్ధారణ అయింది. 2010లో కాలిఫోర్నియాలో సిసిలియా జులివీ బృందం పదిమంది ఆటిజం పిల్లల తెల్ల రక్తకణాలను పదిమంది ఇతర పిల్లల కణాలతో పోల్చి, మొదటివారిలో మైటోకాండ్రియా పనితీరు తక్కువగా ఉందని చూపింది. అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను రోసిన్యోల్, ఫ్రై సమీక్షించి, ఆటిజం ఉన్నవారిలో మైటోకాండ్రియా వ్యాధి సుమారు 5 శాతం మందిలో కనిపిస్తుందని లెక్కగట్టారు. సాధారణ జనాభాలో అది దాదాపు పదివేలకు ఒకరిలో ఉంటుందని వారి అంచనా. అయితే ఆ రోగులలో దాదాపు నాలుగింట మూడు వంతులకు పైగా జన్యులోపమేదీ దొరకలేదు.

ఈ అంకెలను చదివే తీరులోనే అసలు వివాదం ఉంది. ఆటిజం, మైటోకాండ్రియా వ్యాధి ఒకే బిడ్డలో ఉండటం వేరు. మొదటిదానికి రెండవది కారణం కావడం వేరు. మూడవ కారణమేదో రెండింటినీ కలిగించడం వేరు. రక్తం తీసేటప్పుడు బిడ్డ పెనుగులాడినా, చేతికి కట్టు గట్టిగా బిగించినా లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. ఆటిజం పిల్లలలో ఇటువంటి పెనుగులాట ఎంత సహజమో వైద్యులకు తెలుసు. పైగా పెద్ద ఆసుపత్రులకు పంపబడిన క్లిష్టమైన కేసులలో వ్యాధి నిష్పత్తి ఎక్కువగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. కొద్దిమంది పిల్లలలో సంబంధం నిజమేనన్నది స్థిరపడింది. ఆటిజం అంతటికీ మైటోకాండ్రియా మూలమన్నది స్థిరపడలేదు.

టీకాల వివాదం

2008లో అమెరికాలో ఈ చర్చ న్యాయస్థానానికి సంబంధించిన వార్తగా మారింది. మైటోకాండ్రియా లోపం ఉన్న ఒక బాలికకు టీకాల తరువాత ఆరోగ్యం క్షీణించిందన్న దావాలో అక్కడి ప్రభుత్వం నష్టపరిహారానికి అంగీకరించింది. టీకాలు ఆటిజాన్ని కలిగిస్తాయని ఆ ప్రభుత్వం ఒప్పుకున్నట్లు చాలామంది దానిని ప్రచారం చేశారు. పరిహార చట్టం కింద అంగీకారం వేరు, శాస్త్రీయ నిరూపణ వేరు అన్న తేడా ఆ ప్రచారంలో మరుగున పడింది. పన్నెండుమంది పిల్లలపై ఆధారపడి 1998లో ‘లాన్సెట్’ ప్రచురించిన వేక్‌ఫీల్డ్ వ్యాసాన్ని ఆ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. అనేక దేశాలలో జరిగిన విస్తృత అధ్యయనాలలో టీకాలకూ ఆటిజానికీ సంబంధం కనబడలేదు. మైటోకాండ్రియా వ్యాధి ఉన్న బిడ్డ శక్తి నిల్వలను కుంగదీసేవి జ్వరం, అంటువ్యాధి, ఉపవాసం. కాబట్టి తట్టు వంటి వ్యాధులను అడ్డుకునే టీకా అటువంటి బిడ్డకు మరింత అవసరం. వలస కూలీల కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఉత్తరాంధ్రలో టీకాల క్రమం తప్పడానికి ఇతర కారణాలే చాలు. దానికి ఈ భయం తోడైతే గోరుచుట్టుపై రోకటిపోటే.

మేనరికం: ఒక అపార్థం, ఒక వాస్తవం

ఆంధ్రదేశంలో రక్తసంబంధ వివాహాల జన్యుప్రభావం శాస్త్రదృష్టికి చాలా ముందే వచ్చింది. 1957లో భారతదేశానికి తరలివచ్చిన జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాల తరచుదనం, ఫలితాల గురించి 1963లో వ్యాసం ప్రచురించారు. మేనమామ–మేనకోడలి సంతానంలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికుని నుండి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య వివాహంలో అది పదహారింట ఒకటి.

ఈ లెక్క మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.కు వర్తించదు. అక్కకు కూతురైన పిల్లను చేసుకున్న మేనమామకూ, ఆ పిల్లకూ ఉన్నది ఒకే మాతృవంశపు మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.యే. అయినా బిడ్డకు సంక్రమించేది తల్లిది మాత్రమే, తండ్రిది చేరదు. అందువల్ల మేనరికం ఆ డి.ఎన్.ఎ. లోపాల ప్రమాదాన్ని పెంచదు. కానీ మైటోకాండ్రియాలో పనిచేసే వెయ్యికి పైగా ప్రోటీన్లలో 13 తప్ప మిగిలినవన్నీ కణకేంద్రకంలోని జన్యువుల నుండి తయారవుతాయి. పిల్లలలో కనిపించే మైటోకాండ్రియా వ్యాధులలో అధికభాగం ఈ జన్యువుల లోపాల వల్లనే వస్తాయి. వాటిలో ఎక్కువ వాటికి తల్లి, తండ్రి ఇద్దరి నుండీ లోపమున్న ప్రతి రావాలి. మేనరికం ప్రమాదాన్ని పెంచేది ఇక్కడే. అంటే తల్లిని ఒక్కర్తెనే దోషిగా నిలబెట్టే వాదానికి మేనరికం వల్ల బలం చేకూరదు. ఆ వాదం అక్కడే వీగిపోతుంది.

ఉత్తరాంధ్ర ముందున్న పనులు

మొదటిది జన్యు ప్రమాణాల సమస్య. మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.లోని మార్పులను పోల్చే ప్రామాణిక క్రమం ఐరోపా మూలానికి చెందినది. భారతీయులలో ‘ఎమ్’ అనే మాతృశాఖ ప్రధానమైనది. సవరల వంటి ముండా భాషా సమూహాలలో పితృవంశం ఆగ్నేయాసియాను సూచిస్తుండగా మాతృవంశం ప్రధానంగా భారతీయమని జన్యు అధ్యయనాలు చూపాయి. ఈ వైవిధ్యం తెలియకపోతే సహజమైన మార్పును వ్యాధిగా పొరబడే ప్రమాదముంది. 1977లో హైదరాబాదులో ఏర్పడిన సి.సి.ఎం.బి., బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులతో కలిసి భారతీయ రోగులపై చేసిన పరిశోధనల విలువ ఇక్కడ తెలుస్తుంది.

రెండవది గణాంకాల లేమి. 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ అధ్యయనం అయిదు ప్రాంతాలలో 3,964 మంది పిల్లలను పరీక్షించింది. ఆ అయిదు పాల్వల్, కాంగ్‌డా, ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాదు. తెలుగువారి లెక్క ఒక మహానగరం నుండి వచ్చింది. తీరప్రాంతపు పల్లెలూ, మన్యమూ ఆ లెక్కలో లేవు.

మూడవది భాష. సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన భారతీయ ఆటిజం కొలమానం దేశమంతటా వాడుకలో ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలను ఏర్పరచింది. 1995 చట్టంలో చోటు లేని ఆటిజం 2016 చట్టంలోని 21 వైకల్యాలలో చేరింది. కానీ బిడ్డ మాటను అంచనా వేయాలంటే ఆ ఇంటి మాట తెలియాలి. ఈ గడ్డపై పుట్టిన గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పూనుకుని 1938 నాటికి సవర నిఘంటువును వెలువరించారు. చదువుకు ఆయన కోరిన న్యాయమే వైద్యపరీక్షకూ వర్తిస్తుంది. ఇంట్లో సవర మాట్లాడే బిడ్డ తెలుగు ప్రశ్నకు పలకకపోతే అది లోపమో, భాషాభేదమో పరీక్షకునికి తెలియదు.

నాలుగవది చికిత్సలో జాగ్రత్త. ఆటిజం పిల్లలలో మూర్ఛ తరచుగా కనిపిస్తుంది. మూర్ఛకు విరివిగా ఇచ్చే వాల్‌ప్రోయేట్ మందు, పోల్‌జి అనే జన్యువులో లోపమున్న బిడ్డకు కాలేయాన్ని ప్రాణాపాయకరంగా దెబ్బతీయగలదు. నేర్చుకున్నవి జ్వరం తరువాత పోవడం, కండరాల బలహీనత, ఎదుగుదల ఆగడం, మూర్ఛ – ఇవి కలిసి కనిపించిన బిడ్డకు మైటోకాండ్రియా పరీక్ష అవసరం. ఆటిజం ఉన్న ప్రతి బిడ్డకూ అది అవసరం లేదు. ఈ విచక్షణ లేకపోతే ఒకవైపు నిజమైన రోగి గుర్తింపునకు రాడు. మరొకవైపు పేద కుటుంబం నిరూపణ లేని ‘శక్తి’ మందులకు అప్పుల పాలవుతుంది.

ముగింపు

నాలుగు కేసులతో మొదలైన ఒక అనుమానం నలభై ఏళ్లలో పరిమితమైన, కానీ విలువైన జ్ఞానంగా మారింది. కొద్దిమంది ఆటిజం పిల్లలలో మైటోకాండ్రియా వ్యాధి ఉంటుంది; వారిని గుర్తిస్తే వైద్యం మారుతుంది. మిగిలినవారి విషయంలో సంబంధం ఇంకా పరిశోధనాంశమే. ఉద్దానం మూత్రపిండాల వ్యాధి విషయంలో కారణం తేలకముందే ఎన్నో కారణాలు ప్రచారమైన అనుభవం ఈ ప్రాంతానికి ఉంది. ఆటిజం విషయంలో అది పునరావృతం కాకూడదు. ఒకప్పుడు తల్లి మనసును తప్పుపట్టిన శాస్త్రం ఆ మాటను వెనక్కు తీసుకుంది. ఇప్పుడు తల్లి కణాన్ని తప్పుపట్టడానికి ఆ శాస్త్రాన్నే సాక్ష్యంగా పిలవడం చెల్లదు.