ఎర్ర పువ్వా, తెల్ల పువ్వా?

నవంబరు వచ్చిందంటే చాలు, ఇక్కడ బ్రిటన్‌లో టీవీలో వార్తలు చదివేవాళ్ళ దగ్గర్నుంచి షాపులో బిల్లు వేసే అమ్మాయి దాకా చాలామంది కోటు మీద ఎర్ర కాగితం పువ్వు కనిపిస్తుంది. అది పాపీ పువ్వు, మన గసగసాల మొక్కకి చుట్టమే. యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకుంటూ పెట్టుకుంటారు. పెట్టుకోమని చట్టమేమీ లేదు. కానీ పెట్టుకోకపోతే కొందరి చూపు మారుతుంది.

ఈ పువ్వు ఇంతదూరం వచ్చిందంటే ఆడవాళ్ళ వల్లేనండీ. 1915లో జాన్ మెక్రే అనే కెనడా సైనిక డాక్టరు, బెల్జియంలో సైనికుల సమాధుల మధ్య పూసిన పాపీల మీద ఒక కవిత రాశారు. అది చదివి కదిలిపోయిన అమెరికా టీచరు మొయినా మైకేల్, ఇకమీదట ఈ పువ్వు పెట్టుకుంటానని 1918 నవంబరులో నిశ్చయించుకున్నారు. ఫ్రాన్సుకి చెందిన అన్నా గెరిన్ గుడ్డ పాపీలు చేయించి, యుద్ధంలో చితికిపోయిన కుటుంబాల కోసం అమ్మించారు. ఆవిడే 1921లో ఆ ఆలోచనని బ్రిటన్‌కి తెచ్చారు. ఆ ఏడాది తెప్పించిన 90 లక్షల పువ్వులూ అమ్ముడైపోయాయి. ఆ డబ్బు మాజీ సైనికుల అవసరాలకి వెళ్ళింది.

పన్నెండేళ్ళు తిరిగేసరికి, 1933లో, ఇక్కడి సహకార మహిళా సంఘం తెల్ల పాపీలు తెచ్చింది. వాళ్ళలో ఎందరో కొడుకుల్నీ, భర్తల్నీ, అన్నదమ్ముల్నీ యుద్ధంలో పోగొట్టుకున్నవాళ్ళు. తలుచుకోవడంతో సరిపెట్టకుండా, ఇంకో యుద్ధం రాకూడదని కూడా చెప్పాలన్నది వాళ్ళ పట్టుదల. ఇది సైనికుల్ని అవమానించడమేనని చాలామంది మండిపడ్డారు. ఆ పువ్వు పెట్టుకున్నందుకు ఉద్యోగాలు పోయిన ఆడవాళ్ళూ ఉన్నారు. కడుపుకోత పడ్డ తల్లికి ఎలా ఏడవాలో కూడా ఇంకొకరు చెప్పాలా?

మనకీ ఇందులో వాటా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి పది లక్షలమందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్ళారు. దాదాపు 74 వేలమంది చనిపోయారు. వాళ్ళ గుర్తుగా 2018లో ఇక్కడ ఖద్దరు పాపీలు కూడా చేశారు.

నేను ఎర్రదే పెట్టుకుంటాను, ఆ 74 వేలమంది కోసం. వాళ్ళ పేర్లు ఇక్కడ తలిచేవాళ్ళు తక్కువ. మా అమ్మాయి తెల్లది పెట్టుకుంటుంది. మావారు ఏదీ పెట్టుకోరు, విరాళం డబ్బాలో మాత్రం డబ్బులు వేసి వస్తారు. ముగ్గురం ఒకే గుమ్మంలోంచి బయటికి వెళ్తాం. ఎవరైనా అడిగితే ఎవరి కారణం వాళ్ళు చెప్పుకుంటాం. ఒకరి తరఫున ఇంకొకరు సంజాయిషీ మాత్రం ఇవ్వం.