డెల్టా మన్ను

గోదావరీ పుష్కరములలో లక్షలమంది స్నానము చేసి పోవుదురు. నీటికి మ్రొక్కినవారిలో వరదనాటి ఆ నీటి యెఱ్ఱదనమునకు మ్రొక్కినవారెందఱో చెప్పలేను. మన డెల్టాను కట్టినది ఆ బురదయే.

ధవళేశ్వరమునకు దిగువ మనము దున్ను మన్ను ఇచ్చట పుట్టినది కాదు. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట పడమటి దక్కనులో నిప్పుటేరులై పాఱి గడ్డకట్టిన నల్లరాయి దానిలో చాలభాగమునకు మూలము. ఎండకు పగిలి, వానకు నాని, బొగ్గుపులుసు వాయువు కలిసిన నీటిచే మెల్లమెల్లగా కరగి ఆ రాయి బంకయగును. త్ర్యంబకమునుండి 1465 కిలోమీటర్లు ప్రవహించు నది దానిని మోసికొని వచ్చును. దారిలో ఇంద్రావతి, శబరి మున్నగునవి తూర్పుకనుమల రాతిపొడిని చేర్చును. వరద గట్టు దాటగానే వేగము తగ్గును. బరువైన యిసుక దగ్గఱనే దిగును, సన్నని బంక దూరము పోయి నిలుచును. లంకలలో కూరగాయలును, లోపలి చేలలో వరియు బాగుగా పండుటకు ఇదియే కారణము. వేసవిలో నోళ్లు తెఱచి బీటలువాఱునది ఈ బంకనేలయే.

అయినను బంకమాత్రము చేత పంటభూమి కాదు. వేళ్లు, వానపాములు, కంటికి కానరాని సూక్ష్మజీవులు, క్రుళ్లిన ఆకు దానిలో కలియవలెను. మంచి మట్టిలో ఇంచుమించు సగము చోటు గాలియు నీరునే. మన తర్కశాస్త్రము పృథివిని విడి ద్రవ్యముగా లెక్కించినది. రైతు చేతిలోని పిడికెడు మట్టి ఆ లెక్కకు లొంగదు.

ఈ ఒండ్రుమట్టియే సముద్రమును వెనుకకు నెట్టినది. ఓడలు కట్టిన కోరంగి రేవు దీనితో పూడి, వర్తకము కాకినాడకు తరలినది. 1832-33 నాటి కఱవు తరువాత, కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట తక్కువ యెత్తుది. వరద దాని మీదుగా పొర్లిపోయెడిది. కాలువలు నీటితోపాటు ఒండ్రును చేలకు తెచ్చెడివి. తరువాత ఎగువను కట్టిన జాయక్వాడి, పోచంపాడు మొదలగు పెద్ద జలాశయముల కథ వేఱు. అవి నీటిని వదలును గాని మట్టిని పట్టియుంచును. పోచంపాటిలో పూడిక పెరిగి నీటి నిలువ తగ్గినది. ఇచ్చట డెల్టా యంచు కొన్ని చోట్ల కోసికొనిపోవుచున్నది. ఈ కోతకు వేఱు కారణములును గలవు. ఒండ్రు తగ్గుట వానిలో ముఖ్యమని పరిశోధకులు చెప్పుదురు.

కట్టడములను నిందించుట నా యుద్దేశము కాదు; నీరులేక మనుష్యులు చచ్చిన నేల యిది. కాని నది యెరువు తగ్గినప్పుడు ఇంటి యెరువు పెరుగవలెను గదా! వరికోతకు ముందు పిల్లిపెసర చల్లి, పశువులను మేపి, మిగిలినది దున్నుట మన పెద్దల వాడుక. దాళ్వా పంట వచ్చినచోట దానికి తావు లేకపోయినది. యంత్రముతో కోసిన చేలలో గడ్డికి నిప్పుపెట్టుటయు నేడు కనబడుచున్నది. నత్రజనియు, మన్నును గుల్లపఱచు జీవపదార్థమును ఆ పొగలో పోవుచున్నవి. దున్నరాదా యన్న, సార్వా కోతకును దాళ్వా నాట్లకును నడుమ దినములు చాలవందురు. అది నిజమే. ఆ గడువు దొరకవలెనన్న సార్వా నాట్లు ముందు పడవలెను. అందుకు జూనులోనే కాలువలకు నీరు రావలెను.